మూతి లేని పెట్టె

భ్రమరాంబ టీచరు ఉద్యోగం చేసిన ముప్ఫై రెండేళ్ళూ సూదితోనే గడిచాయి. రిటైరయ్యాక కూడా సూది ఆవిడని వదల్లేదు. వీరన్నపేట బాలికల హైస్కూల్లో కుట్లు, అల్లికలు నేర్పేది. క్లాసులో ఒక సూది కింద పడిందంటే పిల్లలందరినీ బెంచీలెక్కించి, అయస్కాంతం పట్టుకుని నేలంతా గాలించి, అది దొరికితే గానీ ఎవర్నీ ఇంటికి కదలనిచ్చేది కాదు. అలాంటి మనిషికి అరవయ్యో ఏట షుగరు ముదిరి, పూటకొక ఇన్సులిన్ సూది మొదలయ్యేసరికి, వాడిన సూదిని పాల పాకెట్లో చుట్టి చెత్తబుట్టలో పడెయ్యడం అలవాటైపోయింది. తప్పని తోచలేదు. చెత్తబుట్ట దాటాక కూడా ప్రపంచం ఉంటుందని మనలో చాలామందికి గట్టి నమ్మకం లేదు, ఆవిడకీ అంతే.

ఒకరోజు పొద్దున చెత్తబండి విజిలు మోగింది. ఎప్పుడూ గేటు దగ్గరే బుట్ట గుమ్మరించుకుని వెళ్ళిపోయే నూకాలు ఆ వేళ మెట్ల దాకా వచ్చి నిలబడింది. చేతిలో తన చెప్పు ఉంది. మున్సిపాలిటీలో చెత్త ఎత్తే మనిషి చెప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నూకాలు మాత్రం చెప్పు తిరగేసి చూపించింది. అడుగున ఇన్సులిన్ సూది నిలువునా దిగి ఉంది.

“బండిలో సెత్త తొక్కుతుంటే దిగీసిందండి టీచరమ్మగోరూ. మీ బుట్టలోదే. సెప్పు మందంది కాబట్టి సరిపోయింది, అరికాలికి అందనేదు.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే భ్రమరాంబకి కాస్త తేలిగ్గా ఉండేది. సిగ్గుతో ఆవిడ మొహం కందిపోయింది. “నాకు బుద్ధి లేకపోయింది నూకాలూ. ఇప్పుడేం చెయ్యమంటావు?” అంది.

“ఏటుందండీ? మందం డబ్బా ఒకటి సూసి అందులో ఏసీయండి. నిండకముందే మూత బిగించి, పైన సూదులనీసి రాసి నా సేతికియ్యండి. నర్సింగు హోము కాడికి పసుప్పచ్చ బండొత్తాది కదా, ఆడికిచ్చీత్తాను. ఆడు తీసుకెల్లి కాల్సీత్తాడట.”

ఇంతే ఉపాయం. బట్టలుతికే లిక్విడ్ అయిపోయిన నీలం సీసా కడిగి, భ్రమరాంబ ఆ రోజు నుంచే అందులో వెయ్యడం మొదలుపెట్టింది. రెండు నెలల్లో ఒక సీసా నూకాలు చేతి మీదుగా పసుప్పచ్చ బండెక్కింది. ఎవరికీ ఏమీ గుచ్చుకోలేదు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ టీచరు కదా, తను నేర్చుకున్నది నలుగురికీ నేర్పకపోతే నిద్ర పట్టదు. ఒక మంచి పని సజావుగా సాగుతున్నప్పుడు దాన్ని ఆఫీసులో చెప్పకూడదన్న ఇంగితం ఆవిడకి లేకపోయింది. అర్జీలు తీసుకునే సోమవారం నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి రెండు ముక్కలు రాసిచ్చింది: “ఇళ్ళల్లో వాడిన ఇన్సులిన్ సూదులు చెత్త ఎత్తేవాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. గట్టి డబ్బాల్లో విడిగా తీసుకునే ఏర్పాటు చేయగలరు.”

కమిషనర్ దక్షిణామూర్తి దాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి చదివినప్పుడు అది అర్జీ. రెండోసారికి పథకమైపోయింది.

“అమ్మా, మీరు దీన్ని సూది అంటున్నారు,” అన్నాడు కళ్ళజోడు తీసి. “పరిపాలనా పరంగా ఇది గృహజనిత తీక్షణాగ్ర వ్యర్థం. దీనికొక సమగ్ర కార్యాచరణ ప్రణాళిక అవసరం.”

“డబ్బా చాలండి,” అంది భ్రమరాంబ.

“డబ్బా అనేది ఫలితం. దానికి ముందు ప్రక్రియ ఉండాలి.”

ప్రక్రియ ఆ వారంలోనే మొదలైంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గవర్రాజుని నోడల్ అధికారిగా నియమించారు. ఆయన ఆ మాట ఎర్ర అక్షరాలతో జేబు మీద తగిలించుకుని, నడక కూడా మార్చేశాడు. ఒక ఉపసంఘం వేశారు. అందులో భ్రమరాంబకి ‘లబ్ధిదారుల ప్రతినిధి’ అని కుర్చీ ఇచ్చారు. నూకాలుని ఎవరూ పిలవలేదు. పిలిస్తే ఏ హోదాలో కూర్చోబెట్టాలో తేలలేదు.

పెట్టె ఎంపిక కౌన్సిల్ హాల్లో జరిగింది. బల్ల మీద నాలుగు నమూనాలు పెట్టారు. గవర్రాజు లేచి ప్రమాణం చదివాడు. “ఒకసారి లోపలికి ప్రవేశించిన తీక్షణ వస్తువు ఎట్టి పరిస్థితులలోనూ బహిర్గతం కారాదు.” పరీక్ష ఏమిటంటే, పెట్టెలో సూదులు వేసి, తలకిందులు చేసి యాభైసార్లు కుదపడం.

మొదటిదానికి నొక్కుడు మూత. అటెండరు పన్నెండోసారి కుదిపేసరికి ఊడింది. పనికిరాదన్నారు. రెండోదానికి మరమూత. యాభైసార్లు కుదిపినా ఊడలేదు. భ్రమరాంబ సంతోషించింది. గవర్రాజు మాత్రం అటెండరుతో, “ఇప్పుడు తిప్పి చూడు,” అన్నాడు. తిప్పితే వచ్చేసింది.

“చూశారా, వచ్చేసింది!”

“తిప్పితే రావడానికే కదండీ మూత పెట్టేది?” అంది భ్రమరాంబ.

“అదే కదా మేడమ్ లోపం. మూత మానవ విచక్షణ మీద ఆధారపడి ఉంది. మానవ విచక్షణకి మన దగ్గర ప్రమాణం లేదు.”

మూడోదానికి పైన సన్నటి సందు ఉంది. నలభై ఏడో కుదుపుకి అందులోంచి ఒక సూది జారి కమిషనర్ ఫైలు మీద పడింది. హాలంతా ఒక్కసారి వెనక్కి జరిగింది. ఆ నమూనాని పోలీసులు బాంబుని తీసుకెళ్ళినట్టు బయటికి తీసుకెళ్ళారు.

ఇక నాలుగోది. నిజం చెప్పాలంటే అది పొరపాటున వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళు కన్నం కొట్టక ముందే పార్సిల్ కట్టేశారు. నాలుగు పక్కలా, పైనా కిందా మందమైన ప్లాస్టిక్, ఎక్కడా అతుకు లేదు, మూత లేదు, సందు లేదు. యాభైసార్లు కుదిపారు. ఏమీ రాలేదు. కమిషనర్ ఇంకో యాభై కుదపమన్నాడు. ఏమీ రాలేదు. మేడ మీంచి కిందికి విసిరారు. పెట్టె ఎలా ఉన్నది అలాగే ఉంది.

“అద్భుతం,” అన్నాడు కమిషనర్.

“అందులో ఏమీ వెయ్యలేదు కదండీ, బయటికి రావడానికి!” అంది భ్రమరాంబ.

“వెయ్యలేం కూడా,” అన్నాడు గవర్రాజు, కళ్ళు మెరుస్తుండగా. “అదే దీని విశిష్టత మేడమ్. ప్రమాదానికి మూలం ప్రవేశం. ప్రవేశాన్నే అరికడితే బహిర్గమనమన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు.”

ఫ్యాక్టరీ మనిషి ఏదో చెప్పబోయి, ఎన్ని పెట్టెలు కావాలో విన్నాక నోరు మూసుకున్నాడు. తీర్మానం ఏకగ్రీవమైంది. భ్రమరాంబ చెయ్యెత్తలేదు గానీ, చెయ్యెత్తని వాళ్ళని సమ్మతించినట్టుగా రాసుకునే పద్ధతి ఆ హాల్లో ఎప్పట్నించో ఉంది.

పెట్టెల పంపిణీ జాతరలా చేశారు. ఫ్లెక్సీలు కట్టారు. పెట్టె ఒక పక్క కమిషనర్ నవ్వుతున్న ఫోటో, ఇంకో పక్క ‘నిశ్శబ్దమే భద్రత’ అన్న నినాదం. ఆ నినాదానికి కారణముంది. ప్రతి శుక్రవారం గవర్రాజు ఇంటింటికీ వచ్చి, పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాడు. చప్పుడు రాకపోతే లోపలివి కదలకుండా భద్రంగా ఉన్నాయని లెక్క. వీరన్నపేటలో ఒక్క పెట్టె కూడా చప్పుడు చెయ్యలేదు.

మొదటి శుక్రవారమే భ్రమరాంబ అడిగింది. “ఇందులో సూది ఎలా వెయ్యాలండీ?”

“మేడమ్, ప్రస్తుతం మనం నిరోధ దశలో ఉన్నాం. తర్వాత ప్రవేశ దశ వస్తుంది. కన్నం గుండ్రంగా ఉండాలా, పలకలా ఉండాలా, ఎడమ పక్కా, కుడి పక్కా అన్నది ఇంజినీరింగ్ విభాగం పరిశీలనలో ఉంది.”

“అప్పటిదాకా?”

“అప్పటిదాకా సూదులన్నీ పెట్టెలోనే ఉండాలి. పెట్టె బయట ఒక్క సూది కనపడినా నోటీసు.” అంటూనే ఆయన కన్ను నీలం సీసా మీద పడింది. ‘ప్రమాణరహిత పాత్ర’ అని రాసుకుని పట్టుకుపోయాడు. పసుప్పచ్చ బండివాడికి కూడా తాఖీదు వెళ్ళింది, మున్సిపల్ పెట్టె తప్ప ఇళ్ళ నుంచి ఇంకేదీ తీసుకోకూడదని. మున్సిపల్ పెట్టె ఎవరూ ఇవ్వరు, ఇస్తే పెట్టె పోయినట్టు. కాబట్టి వాడు ఖాళీగా వచ్చి, ఖాళీగా వెళ్ళేవాడు.

ఊళ్ళో జనం పెట్టెకి ఎవరికి తోచిన మర్యాద వాళ్ళు చేశారు. కొందరు పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి పటాల పక్కన నిలబెట్టారు. ఒకాయన దాని మీద కూర్చుని గడ్డం గీసుకునేవాడు. ఏం చేసినా, వాడిన సూది మాత్రం చేతిలోనే మిగిలేది. ఇంట్లో ఉంచుకుంటే నోటీసని భయం. డబ్బాలో వేస్తే ప్రమాణరహితం. దాంతో ఎవరికి వాళ్ళు సూదిని అరటి తొక్కలో గుచ్చో, ఇడ్లీ పొట్లంలో చుట్టో పక్క వీధి చెత్తలో పడేసి, ఎరగనట్టు వచ్చేసేవాళ్ళు. ఇదివరకు సూది ఏ ఇంటి బుట్టలో ఉంటుందో నూకాలుకి తెలిసేది. ఇప్పుడు ఏ బుట్టలోనైనా ఉండొచ్చు, అదీ తినే వస్తువులో దాక్కుని. భ్రమరాంబ మాత్రం తన సూదుల్ని ఇంకో సీసాలో వేసి, పాత కుట్టు మిషను పెట్టెలో దాచుకునేది. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి క్రమశిక్షణ నేర్పిన మనిషి అరవై మూడో ఏట దొంగసరుకు దాచినట్టు దాచడం ఆవిడకి కష్టంగానే ఉండేది.

మున్సిపల్ ఆఫీసు గోడ మీద నల్లబల్ల వెలిసింది. ‘పెట్టెల నుండి బహిర్గతమైన సూదులు: సున్నా. పెట్టెల వలన గాయాలు: సున్నా.’ రోజూ అటెండరు పాత సున్నాలు తుడిచి కొత్త సున్నాలు పెట్టేవాడు.

ఒక సోమవారం పొద్దున విజిలు మోగింది గానీ సగంలో ఆగిపోయింది. భ్రమరాంబ బయటికొచ్చి చూస్తే నూకాలు కుళాయి దగ్గర కూర్చుని చెయ్యి సబ్బుతో కడుక్కుంటోంది. బొటనవేలి మొదట్లో చిన్న ఎర్రచుక్క. బండి మీద విప్పిన ఇడ్లీ పొట్లం.

“ఎవులిదో తెల్దండి. ఇడ్లీ పొట్లం కదా, కుక్కకేద్దామనీసి ఇప్పేను. లోపలికంటా గుచ్చీసింది,” అంది నూకాలు.

భ్రమరాంబ వంగి పొట్లంలో సూదిని చూసింది. ఆ ఇడ్లీ పొట్లం తను కట్టలేదు. కానీ దాన్ని అలా కట్టించింది తన రెండు ముక్కల అర్జీ. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. సూదిని పట్టకారుతో తీసి చిన్న సీసాలో వేసి, మూత పెట్టి, నూకాలుని ఆటో ఎక్కించి ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టర్ ఇందుమతి భ్రమరాంబ దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్న పిల్లే. గాయం చూసి, రక్తం తీయించి, వెంటనే ఒక ఇంజక్షనూ మాత్రలూ ఇచ్చింది. తర్వాత టీచర్ని పక్కకి పిలిచింది.

“ఎవరి సూదో, వాళ్ళకి హెచ్ఐవీ లాంటిది ఉందో లేదో తెలియదు కాబట్టి రిస్కు తీసుకోకూడదు మేడమ్. ఇరవై ఎనిమిది రోజుల మందుల కోర్సు, మధ్యలో ఒక్క రోజు కూడా మానకూడదు. ఆరు నెలల దాకా పరీక్షలు. రెండు రోజుల మాత్రలు నా దగ్గరున్నవి ఇచ్చేశాను. మిగతావి స్టోర్సు నుంచి రావాలంటే, డ్యూటీలో సూది గుచ్చుకుందని మున్సిపాలిటీ కాగితం ఇవ్వాలి. బుధవారం సాయంత్రం లోపల తెప్పించండి.”

కాగితం ఆ మధ్యాహ్నమే వచ్చింది. గవర్రాజు చాలా చురుకైన అధికారి. ‘సదరు కార్మికురాలు శ్రీమతి నూకాలమ్మకు విధి నిర్వహణలో తుమ్మ ముల్లు గుచ్చుకొనినది. తగు చికిత్స చేయవలెను’ అని రాసి, గుండ్రటి ముద్ర కొట్టి పంపాడు. ముల్లుకి స్టోర్సులో ఒక కట్టు, ఒక టీటీ ఇంజక్షను మాత్రమే ఉన్నాయి.

మంగళవారం ఆఫీసు తెరిచేసరికి భ్రమరాంబ కమిషనర్ గది ముందుంది. లోపలికి వెళ్ళి సీసా బల్ల మీద పెట్టింది. “ఇదిగోండి, నూకాలుకి గుచ్చుకున్నది. ముల్లో, సూదో మీరే చూడండి.”

కమిషనర్ చూశాడు. గవర్రాజు కూడా వంగి చూశాడు.

“మేడమ్, ఇది దొరికినప్పుడు పెట్టెలో ఉందా?” అడిగాడు కమిషనర్.

“పెట్టెలో ఉంటే గుచ్చుకునేది కాదు కదండీ. చెత్తలో ఉంది.”

“అయితే ఇది సూది కాదు.” ఆయన గొంతులో కాఠిన్యం లేదు, పాఠం చెబుతున్న ఓర్పు ఉంది. “మన పురపాలక సంఘ పరిధిలోని సూదులన్నీ పెట్టెల్లో ఉన్నాయని వరుసగా పదకొండు శుక్రవారాలు ధ్రువీకరించాం. పెట్టె బయట ఉన్నది సూది అయ్యే అవకాశం రికార్డు ప్రకారం లేదు. మొనదేలి ఉండి, గుచ్చుకుని, సూది కానిది మన ప్రాంతంలో తుమ్మ ముల్లు ఒకటే.”

“దీనికి ప్లాస్టిక్ పిడి ఉంది!”

“ముల్లుకి పిడి ఉండకూడదని ఎక్కడా నిబంధన లేదు మేడమ్,” అన్నాడు గవర్రాజు.

కమిషనర్ గొంతు తగ్గించాడు. “రేపు రాష్ట్ర బృందం వస్తోంది. ‘శూన్య గాయ పట్టణం’ గుర్తింపుకి మనం ఒక్క అడుగు దూరంలో ఉన్నాం. ఆదర్శ లబ్ధిదారుగా వాళ్ళని మీ ఇంటికే తీసుకొస్తున్నాం. ఈ పథకానికి ఆద్యులు మీరే కదా. గర్వపడాలి.”

“రేపు సాయంత్రానికి ఆ మనిషికి మందు ఆగిపోతుందండీ! ఇద్దరు పిల్లల తల్లి. ఊరందరి దరిద్రం చేత్తో ఎత్తే మనిషికి ఒక్క మాట రాసివ్వలేరా మీరు?”

“ముల్లుకి అత్యుత్తమ చికిత్స అందించాలని సిఫారసు చేశాం కదమ్మా,” అన్నాడు కమిషనర్, నిజంగానే నొచ్చుకుని.

ఇంటికి నడుస్తుంటే భ్రమరాంబకి ఒళ్ళు మండిపోయింది. అది వాళ్ళ మీద కోపమో, తన మీద తనకే కోపమో తెలియలేదు. గుమ్మంలోకి రాగానే ఎదురుగా పెట్టె, దాని మీద కమిషనర్ నవ్వు. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ స్టవ్వు మీద పెట్టి, పిడి దాకా ఎర్రగా కాలనిచ్చింది. తర్వాత పెట్టె నెత్తిన అద్దింది. ప్లాస్టిక్ కంపు కొడుతూ కరిగింది. పిచ్చికోపంలో కూడా చేతి నేర్పు పోలేదు. కన్నం గుండ్రంగా, కాజా కుట్టినంత శుభ్రంగా వచ్చింది. దానికి సరిపోయే మరమూత ఒకటి వెతికి బిగించింది. కుట్టు మిషను పెట్టెలోంచి సీసా తీసి, తన సూదులన్నీ ఒక్కొక్కటిగా అందులో వేసింది. వీరన్నపేటలో సూదులున్న మొట్టమొదటి సూదుల పెట్టె అది.

రేపొచ్చేవాళ్ళ కళ్ళముందు మూత తీసి, ‘ఇవీ సూదులు’ అని చూపించాలన్నదే ఆవిడ ఉద్దేశం. అంతకు మించి ఆలోచన ఏమీ లేదు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి మూడు కార్లు వచ్చాయి. రాష్ట్ర బృందానికి పెద్ద సంయుక్త సంచాలకులు వేదాచలం. సన్నగా, గంభీరంగా ఉన్నాడు. నిబంధనల పుస్తకం చూడకుండా చెప్పగలడని ఆయనకి పేరు. చెత్తబండి పట్టుకుని నూకాలు కూడా వీధి మలుపులో నిలబడింది. అతిథులు వెళ్ళాక పూలు ఊడవాలని ఆమెకి డ్యూటీ వేశారు.

గవర్రాజు పెట్టెని రెండు చేతులా ఎత్తి వేదాచలానికి అందించాడు. “సార్, తమరే స్వయంగా ఊపి చూడాలి. నిశ్శబ్దమే మా భద్రత.”

వేదాచలం ఊపాడు. పెట్టె గలగలమంది.

గవర్రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. కమిషనర్ మేళగాళ్ళ వైపు చెయ్యి ఊపాడు, వాయించండని. వేదాచలం మేళం ఆపించి మళ్ళీ ఊపాడు. మళ్ళీ గలగల.

“ఇందులో ఏమున్నాయి?”

“సూదులండీ,” అంది భ్రమరాంబ. “నేనే కన్నం పెట్టి వేశాను. ఇవేకాదు, ఊళ్ళో చెత్త నిండా ఉన్నాయి.”

“సూదుల పెట్టెలో సూదులు!” అన్నాడు గవర్రాజు, ఏడుపు గొంతుతో. “సార్, ఇది ప్రభుత్వ ఆస్తి స్వరూపాన్ని మార్చడం. తీక్షణ వస్తువుల అనధికార ప్రవేశం. ఈ క్షణమే నోటీసు జారీ చేస్తాను.” సంచిలోంచి ఫారం తీశాడు. ఆ ఫారం ఆయనే తయారుచేశాడు. పదిహేను గడులు. అడుగున ‘ఏ ఒక్క గడి ఖాళీగా ఉన్నను ఫారము చెల్లదు’ అని మందపాటి అక్షరాల్లో వేయించాడు.

ఆయన చకచకా నింపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. పెన్ను గాల్లో నిలిచింది. భ్రమరాంబ, పిల్లల పరీక్ష పేపరు చూసినట్టు, ఆయన భుజం మీంచి చూసింది.

“తొమ్మిదోది వదిలేశారేం?” అంది. పైకే చదివింది. “‘పథకము అమలు తరువాత పెట్టె వెలుపలి సూదుల వలన ప్రజలకు కలిగిన హాని. వ్యక్తి పేరు, తేదీ.’”

“అది... వర్తించదు,” అన్నాడు గవర్రాజు.

“వర్తించదు అన్న మాటకి ఈ ఫారంలో చోటు లేదే,” అన్నాడు వేదాచలం. మొదటిసారి ఆయన మొహంలోకి ఉత్సాహం వచ్చింది. “ఆలోచించండి గవర్రాజుగారూ. హాని లేదంటే నేరం లేదు. నేరం లేకపోతే ఈవిడ పెట్టిన కన్నం సక్రమమే అవుతుంది. కన్నం సక్రమమైతే, కన్నం లేని మీ పదకొండు వేల పెట్టెలూ అక్రమమవుతాయి. వాటిని ఎంపిక చేసిన ఉపసంఘం సంజాయిషీ ఇచ్చుకోవాలి.”

కమిషనర్ జేబురుమాలు తీశాడు. గవర్రాజు ఆయన వైపు చూశాడు. ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆ చూపు వెళ్ళి నూకాలు కట్టు మీద ఆగింది.

అప్పుడే భ్రమరాంబకి అర్థమైంది, తను నిన్నటి నుంచి బతిమాలుతున్న ఒక్క మాట ఇప్పుడు వీళ్ళకే అవసరమైందని. గొంతు క్లాసులో ఉన్నట్టే నిమ్మళంగా ఉంచుకుంది.

“నేరం చేసినదాన్ని నేను. ఎంత పెద్ద నేరమైనా ఒప్పుకుంటాను, రాసుకోండి,” అంది. “గడి ఖాళీగా ఉంటే మాత్రం నేను సంతకం పెట్టను.”

“రాయవయ్యా,” అన్నాడు కమిషనర్ పళ్ళ సందుల్లోంచి.

గవర్రాజు రాశాడు. పాపం, పెన్ను రెండుసార్లు ఆగింది. ‘పద్నాలుగవ వార్డు చెత్తలోని వాడిన సూది గుచ్చుకొని పారిశుద్ధ్య కార్మికురాలు శ్రీమతి నూకాలమ్మ విధి నిర్వహణలో గాయపడినది. సోమవారము, ఉదయము.’

“ముల్లు కాదు కదా?” అంది భ్రమరాంబ.

“సూదే,” అన్నాడు గవర్రాజు, నేల చూపులు చూస్తూ.

కమిషనర్ సంతకం చేశాడు. గుండ్రటి ముద్ర పడింది. వేదాచలం ఫారాన్ని పైనుంచి కిందిదాకా చదివి, ఇంత సమగ్రమైన నోటీసు తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు. గాయం రికార్డుకెక్కింది కాబట్టి ‘శూన్య గాయ పట్టణం’ గుర్తింపు ఇవ్వడం కుదరదన్నాడు. దాని బదులు ‘అప్రమత్త నిఘా’ విభాగంలో సిఫారసు చేస్తానన్నాడు. మేళం మళ్ళీ మొదలైంది. కమిషనర్ మెడలో దండ వేయించుకున్నాడు. కన్నమున్న పెట్టెకి లక్క సీలు వేసి, సాక్ష్యంగా కారెక్కించారు.

భ్రమరాంబ తన నోటీసు ప్రతిని కళ్ళకద్దుకుంది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, లేనిచో తీవ్ర చర్య తప్పదని అందులో ఉంది. ఆ ముక్క చదవనే లేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వీధి మలుపుకి పరిగెత్తినట్టే వెళ్ళి నూకాలు చెయ్యి పట్టుకుంది. “బండి అక్కడ వదిలెయ్. ఆస్పత్రికి పద.”

“పూలూడవాలండి. గవర్రాజుగోరు తిడతారు.”

“తిట్టనీ. ఆయన చేతే రాయించుకొచ్చాను.”

ఏరియా ఆస్పత్రి స్టోర్సు కిటికీ నాలుగింటికి మూసేస్తారు. వాళ్ళు వెళ్ళేసరికి మూడున్నర. ఇందుమతి నోటీసు చదివి, మందుల చీటీ రాసి లోపలికి పంపింది. ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. నూకాలుకి చదువు రాదు. ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర మీద వేలు పెట్టి అడిగింది.

“ఇది మీ మీద కేసంటన్నారు కదండీ. మరి మీకేటవుతాదండి టీచరమ్మగోరూ?”

“ఏమవుతుంది? సూదుల పెట్టెలో సూదులు వేశానని రుజువవుతుంది,” అంది భ్రమరాంబ.

నూకాలుకి నవ్వొచ్చింది. సోమవారం నుంచి బిగబట్టుకున్నదంతా ఆ నవ్వుతో పాటే కదిలి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కొంగుతో తుడుచుకుంటూ ఉండగానే స్టోర్సు కిటికీ తెరుచుకుంది. లోపలి మనిషి చేతిలో చీటీ చూసుకుంటూ, కారిడారంతా వినపడేలా కేకేశాడు.

“సూది గుచ్చుకున్న నూకాలమ్మ ఎవరు?”

“నానేనండి,” అంది నూకాలు, కట్టున్న చెయ్యి పైకెత్తి.